ఫార్మసిస్ట్ పరీక్ష: అందరూ చివరికి వదిలేసే టాపిక్ గురించి

ఫార్మసిస్ట్ పరీక్షకు చదివేవాళ్లలో చాలామంది ఫార్మకాలజీని (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు) అరగదీస్తారు. స్థానిక వైద్య సేవల్లో ఫార్మసిస్ట్ పాత్ర అనే టాపిక్‌ని మాత్రం 'అదంతా థియరీయేగా' అని చివరి రోజుకి నెట్టేస్తారు. నాకు బాగా కలిసొచ్చింది మాత్రం ఈ టాపిక్కే.

ఇందులో బట్టీ పట్టాల్సింది కొంచెమే. 1978 ఆల్మా-ఆటా ప్రకటన (అందరికీ ప్రాథమిక వైద్యం అందాలన్నది), 1990లో హెప్లర్, స్ట్రాండ్ అనే ఫార్మసీ ప్రొఫెసర్లు ఇచ్చిన ఫార్మాస్యూటికల్ కేర్ (మందుతో పేషెంట్‌కి మేలు జరిగేలా చూసే బాధ్యత) నిర్వచనం, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన 'మెడికేషన్ వితౌట్ హార్మ్' (మందుల వాడకంలో జరిగే హానిని తగ్గించే కార్యక్రమం), ఆల్మా-ఆటా మాటనే మళ్లీ గట్టిగా చెప్పిన 2018 ఆస్తానా ప్రకటన. ఒక కాగితం మీద రాసి గోడకి అంటించేస్తే సరి.

టైమంతా కేసుల మీద పెట్టండి. నేను పదేపదే రాసుకున్న కేసు ఒకటి చెప్తా. ఒక పెద్దాయన బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాడు. పాదాలు వాచాయి. ఆ వాపు ఆమ్లోడిపిన్ వల్లే వచ్చి ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు. ఇంకో డాక్టర్ ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ రాశారు. తర్వాత ఆస్పత్రిలో చేరితే రామిప్రిల్ అనే ఇంకో బీపీ మందు కలిసింది. ఇంటికొచ్చాక మోకాళ్ల నొప్పులకి ఆయనే ఐబుప్రోఫెన్ కొనుక్కోబోయాడు. రామిప్రిల్, ఫ్యూరోసెమైడ్ వాడేవాళ్లకి ఐబుప్రోఫెన్ తోడైతే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏ చీటీకి ఆ చీటీ విడిగా చూస్తే తప్పేమీ కనపడదు. ఆఖరి మందుకైతే అసలు చీటీయే లేదు, అడిగితే తెలిసేది కౌంటర్ దగ్గర మాత్రమే.

ఇక్కడే అసలు ప్రశ్న: మీరేం చేస్తారు? ఆయన వాడుతున్నవన్నీ, సొంతంగా కొన్నవాటితో సహా, అడిగి లిస్టు రాయాలి. ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు; వేరే అడ్డంకి లేకపోతే పారాసెటమాల్ సరిపోతుంది. పాదాల వాపు సంగతి డాక్టర్‌కి చెప్పాలి. 'ఆమ్లోడిపిన్ వెంటనే మానేయమని పేషెంట్‌కి చెప్పాలి' అనే ఆప్షన్ కనిపిస్తే ఆశపడకండి. మందు మార్చే నిర్ణయం డాక్టర్‌ది, గమనించి కబురందించే పని మనది. ఈ గీత ఎక్కడుందో తెలిస్తే సగం ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి.

రిఫరల్ (పేషెంట్‌ని డాక్టర్ దగ్గరికో, పరీక్షకో పంపడం) కూడా అంతే. రెండు వారాలకి పైగా దగ్గుతో ఉన్న మనిషి మళ్లీ సిరప్ అడిగితే, సీసా చేతిలో పెట్టి పంపడం కాదు, టీబీ పరీక్షకి పంపాలి. డయాబెటిస్, ఆస్తమా, గర్భిణుల మందులకి ఇలాంటి కేసులు మీరే తయారుచేసుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి చదువుతుంటే ఒకరు పేషెంట్‌గా, ఇంకొకరు కౌంటర్ దగ్గర. నవ్వులాటగానే ఉంటుంది, ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకి మాత్రం టెన్షన్ బాగా తగ్గుతుంది.