హిరోషిగే వాన బొమ్మ చేత్తో వేశాను, మబ్బు దగ్గర ఏడిపించింది

ఇవాళ పొద్దున్నే అయిపోయింది. వేళ్ళకి నల్ల సిరా ఇంకా వదల్లేదు, మర్చిపోకముందే రాసేస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

మేం టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటాం, మనవాళ్ళు చాలామందే ఉంటారిక్కడ. నేను వేసింది షిన్ ఓహాషి వంతెన మీద హఠాత్తుగా వాన పడే బొమ్మ. జపాన్ చిత్రకారుడు హిరోషిగే చివరి రోజుల్లో ఎడో నగరం (ఇప్పటి టోక్యో) మీద చేసిన నూరు దృశ్యాల వరసలోది, 1857 నాటిది, అసలుది చెక్క అచ్చుతో వేసింది. జనం గొడుగుల కింద ఒదిగిపోయి వంతెన దాటుతుంటారు, కింద నదిలో ఒక్కడే మనిషి దుంగల తెప్ప నడుపుకుంటూ పోతుంటాడు. సుమిదా నది మీద ఆ పేరుతో వంతెన ఇప్పటికీ ఉంది, పాతది కాదులెండి, కొత్తగా కట్టింది. వాన్ గో కూడా 1887లో పారిస్‌లో ఇదే బొమ్మ చూసి ఆయిల్ రంగుల్లో వేశాడు. ఆయన వేశాడు కదా నేనెందుకు వేయకూడదు అని మొదలుపెట్టా.

బొమ్మ దొరకడం కష్టం కాదు, ఇక్కడి పార్లమెంటు లైబ్రరీ సైట్‌లో ఫ్రీగా ఉంది. అసలు సైజులోనే ప్రింట్ తీసుకుని, కింద లైట్ పెట్టి గీతలు ఎత్తుకున్నా. రెండు రోజుల పని.

కాగితం దగ్గర మొదటి దెబ్బ. షాపులో హోషో కాగితం (అచ్చు బొమ్మలకి వాడే జపాన్ కాగితం) కావాలి, బ్రష్‌తో రంగులు వేసుకుంటా అని స్పష్టంగా చెప్పా, అతను తలూపి ఐదు షీట్లు చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి బ్రష్ పెడితే రంగు బ్లాటింగ్ పేపర్ మీద పడ్డట్టు పాకిపోయింది, మొదటి షీట్ అక్కడే పోయింది. దానికి డోసా పూయలేదట. డోసా అంటే పటికా, జంతువుల చర్మం నుంచి తీసే జిగురూ నీళ్ళలో కలిపి కాగితానికి పూస్తారు, అప్పుడు రంగు పాకదు. నాది శ్రీకాళహస్తి అండీ, కలంకారీ గుడ్డని గేదె పాలలో కరక్కాయ కలిపి నానబెట్టేది కూడా సరిగ్గా ఇందుకే, చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగిన దాన్ని, నాకు తట్టాల్సింది. అయినా అడిగినప్పుడు చెప్పడం అమ్మేవాడి బాధ్యత. మీరు కొంటే డోసా పూసిందే ఇవ్వమని రెండు సార్లు అడగండి. మిగతా నాలుగింటికీ నేనే పూసి ఆరేసుకున్నా.

ఇంక మబ్బు. బొమ్మ పైన అంచులో నల్లగా ఒక మబ్బు ఉంటుంది చూడండి, పైన చిక్కటి నలుపు, కిందికొచ్చేసరికి ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కరిగిపోతుంది, ఆ కింది అంచు కూడా తిన్నగా ఉండదు, చెదిరినట్టు ఉంటుంది. దీన్ని బోకాషి అంటారు. రెండో షీట్ మీద వంతెన, నది, ఎదుటి ఒడ్డు అన్నీ బాగా కుదిరాయి, నిజంగా బాగా కుదిరాయి, ఆఖర్న మబ్బు వేస్తే సిరా ఎక్కడికక్కడ గీత కట్టి ఆరిపోయింది. సరిచేద్దామని నీళ్ళు పెడితే ఇంకో గీత. సుమి సిరా, అదే ఈ జపాన్ నల్ల సిరా, ఒకసారి ఆరిందంటే ఇక కదలదు.

సరే నేర్చుకుందామని దగ్గర్లో ఒక పెయింటింగ్ క్లాసుకి ఆ షీట్ పట్టుకెళ్ళా. అక్కడి సెన్సే, అంటే టీచరు, దాన్ని తీసుకెళ్ళి బోర్డుకి గుచ్చి, ఎనిమిది మంది ముందు, ఇది మబ్బు కాదు గోడకి చెమ్మ పట్టినట్టుంది అన్నారు. అందరూ నవ్వారు. ఎలా వేయాలో చెప్తారేమో అని నిలబడ్డా, చెప్పలేదు, చెక్క అచ్చుతో వేసేవి చేత్తో ఎందుకు వేస్తారు అని అడిగి పక్క వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నాకొచ్చిన జపనీస్‌తో బదులు చెప్పలేకపోయా. ట్రైన్‌లో కళ్ళు తుడుచుకుంటూ వచ్చా, మా ఆయన అడిగితే ఏం లేదన్నా. ఆ వయసు మనిషి, అంత చదువుకున్న మనిషి, నేర్చుకుంటానని వచ్చిన వాళ్ళతో అలా మాట్లాడొచ్చా? గురువు అనిపించుకునే వాళ్ళకి ముందు ఓపిక ఉండాలి. ఆ నెల ఫీజు కూడా వెనక్కి ఇవ్వలేదు.

మూడో షీట్ పంతానికి ఇంట్లోనే వేశా, ఏసీ గాలికి సగంలో ఆరిపోయి అదీ పోయింది.

తర్వాత ఒక ఆదివారం అచ్చు వేసే డెమో ఉందంటే వెళ్ళా. ఒక పెద్దాయన, అచ్చులు వేసే పనివాడు, చెక్క మీద ముందు తడి అద్దారు, తర్వాత బ్రష్‌కి ఒక చివరే సిరా తీసుకుని అటూ ఇటూ రుద్దారు, కళ్ళ ముందే చెక్క మీద నలుపు కరిగిపోయింది. కాగితం వేసి బారెన్‌తో, అంటే గుండ్రటి రుద్దుడు బిళ్ళతో, రుద్ది లేపితే మబ్బు వచ్చేసింది. ప్రతి కాగితానికీ మళ్ళీ మొదటి నుంచీ అదే పని, చేత్తోనే! మా ఇంట్లో ఎప్పుడూ అనేవాళ్ళు, మనది కలం పని, పెడనవాళ్ళది అచ్చు పని, అచ్చులో ఏముంది కొట్టుకుంటూ పోవడమే అని. నేనూ అదే నమ్మా ఇన్నేళ్ళు. పెడన వాళ్ళెవరైనా చదువుతుంటే క్షమించండి.

ఆయన్ని అడిగితే ఓపిగ్గా చెప్పారు. కాగితాన్ని మబ్బు కంటే చాలా కిందిదాకా తడపాలి, నీళ్ళు మెరుపు పోయి చెమ్మ మాత్రం మిగిలినప్పుడు వెడల్పు బ్రష్ ఒక మూల సిరా, ఇంకో మూల నీళ్ళు తీసుకుని ఒకే ఊపులో లాగాలి, వెంటనే పొడి బ్రష్‌తో పైపైన తుడవాలి, మధ్యలో ఆగకూడదు. చెదిరిన అంచుకి మణికట్టు కొంచెం వణికించాలట. అదే కాగితం ముక్కలు కోసుకుని వారం రోజులు మబ్బులే వేశా. ఏసీ ఆపేసి, కిటికీలు మూసేసి.

నాలుగో షీట్‌కి ఈసారి ముందు మబ్బే వేశా, పోతే అదే పోతుందని. పోలేదు. నేను వేసిందని నాకే నమ్మబుద్ధి కాలేదు, అంత బాగా వచ్చింది.

వాన గీతల గురించి అందరూ భయపెట్టారు గానీ గాడి ఉన్న స్కేలు, గాజు పుల్ల, సన్న బ్రష్ ఉంటే ఒక్క సాయంత్రం పని. రెండు రకాల వాలుతో గీయాలి, అంతే.

ఇంకో మాట. నెట్‌లో చేత్తో వేసిందని అమ్మేవాటిలో కొన్ని మామూలు ప్రింట్లే, పైన నాలుగు చోట్ల రంగు అద్దుతారు. కొనేముందు భూతద్దం పెట్టి చూడండి, సన్నటి చుక్కలు కనిపిస్తే వదిలేయండి. నేను మాత్రం నాదాని వెనక తెలుగులో నా పేరు, తేదీ, చూసి వేసింది అని రాశా.

ఐదో షీట్ ఇంకా ఉంది. దాని మీద కూడా మబ్బే ముందు వేస్తా.