మా వీధి పిల్లీ, నా ఫైబ్రాయిడ్లూ

పోయిన నెల విశాఖ మహారాణిపేటలో స్కాన్ చేయించుకుంటే గర్భసంచిలో మూడు గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు, ఉన్నాయని తేలింది. పెద్దది 5 సెంటీమీటర్లు. హిమోగ్లోబిన్ 8.6. నెలకి ఎనిమిదేసి రోజులు బ్లీడింగ్ అవుతుంటే కాలేజీ టెన్షన్ అనుకుంటూ గడిపేశాను. చెప్పేది జువాలజీ, సిగ్గుండాలి.

సాయంత్రం శ్రీకాకుళం నుంచి పెద్దమ్మ ఫోన్. "మీ అమ్మకీ ఇవే కదేటి, సంచి తీయించేసుకుంది. నీకూ అదే దిగింది." అమ్మకప్పుడు 36 ఏళ్ళు.

దిగిందా? ఆ మాట పట్టుకుని రాత్రంతా చదివాను.

పెదవాల్తేరులో మా వీధిలో ఒక మూడు రంగుల పిల్లి తిరుగుతుంటుంది. డిగ్రీ పిల్లలకి ఎక్స్ క్రోమోజోమ్ పాఠంలో దాని ఫొటోనే చూపిస్తాను. ఆడపిల్లి ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుంది, అంటే పనిచేయదు. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నిట్లోనూ అదే నిద్రపోతుంది. తల్లి ఇచ్చింది నిద్రపోయిన చోట ఒక రంగు, తండ్రి ఇచ్చింది నిద్రపోయిన చోట ఇంకో రంగు. (తెలుపు వేరే జన్యువు పని. దాన్నీ ఇందులో కలిపేస్తే మార్కు కోసేస్తాను.) మనలోనూ ఇంతే, కాకపోతే పైకి కనబడదు.

1965లో లిండర్, గార్ట్లర్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతినే ఫైబ్రాయిడ్లకి వాడారు. జీ6పీడీ ఎంజైమ్ జన్యువు ఎక్స్ మీదే ఉంటుంది. అందులో తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం వచ్చిన స్త్రీల గర్భసంచి కండలో రెండూ కనిపించాయి. ఒక్కో గడ్డలో మాత్రం ఒకటే రకం! అంటే గడ్డ మొత్తం ఒకే కణం సంతానం.

ఆ కణానికి ఏమైందో 2011లో హెల్సింకి పరిశోధకులు పట్టుకున్నారు. 80 మంది నుంచి తీసిన 225 గడ్డల్లో 159 గడ్డలకి మెడ్12 అనే జన్యువులో మార్పు ఉంది, అదీ ఎక్కువగా ఒకే చోట, 44వ కోడాన్‌లో (కోడాన్ అంటే జన్యువులో మూడక్షరాల ముక్క). ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నడిపించే ప్రోటీన్ల గుంపులో మెడ్12 ఒకటి. ఈ జన్యువూ ఎక్స్ మీదే ఉంది. మేలుకున్న ఎక్స్ మీద దెబ్బ పడితే, ఆదుకోవాల్సిన రెండోది నిద్రలో ఉంటుంది. పందొమ్మిదేళ్ళుగా చెబుతున్న పాఠం నా కడుపులోనే ఉందని అప్పుడు తట్టింది. మిగతా గడ్డల్లో కొన్నిటికి హెచ్ఎంజీఏ2 లాంటి వేరే జన్యువులు కారణం. మొదలయ్యాక గడ్డల్ని పెంచేవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు.

నా మూడు గడ్డలూ బహుశా మూడు వేర్వేరు కణాల్లో విడివిడిగా పుట్టినవే. అమ్మ నుంచి ఆ మార్పు దిగలేదు, నా గర్భసంచిలోనే జరిగింది. కుటుంబాల్లో ఫైబ్రాయిడ్లు వచ్చే ధోరణి కొంత ఉన్నమాట నిజమే. అరుదుగా ఎఫ్‌హెచ్ జన్యులోపం తరాల వెంట వస్తుంది. దానితో చర్మం మీద గడ్డలు, కిడ్నీ క్యాన్సర్ ముప్పు కూడా ఉంటాయి. మా ఇంట్లో అవి ఎవరికీ లేవు.

ఇదంతా పెద్దమ్మకి చెబితే ఓపిగ్గా విని, "సరేగానీ, సంచి ఎప్పుడు తీయిస్తావు?" అంది.

తీయించడం లేదు. ప్రస్తుతానికి ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను, ఆరు నెలలకి మళ్ళీ స్కాన్. "నాకూ వస్తాయా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. రావచ్చు, చాలామందికి వస్తాయి అన్నాను. నాలా బ్లీడింగ్ దాచుకోకు అని కూడా చెప్పాను.