సెక్స్టాంట్ సాధన: అక్షాంశం కుదిరింది, ఇక రేఖాంశం

సూర్యుడో చుక్కో క్షితిజానికి ఎంత ఎత్తులో ఉందో కోణంలో కొలిచే పరికరం సెక్స్టాంటు. దాంతో మధ్యాహ్న సూర్యుడి ఎత్తు కొలిచి అక్షాంశం తీయడం చేతికొచ్చింది. ఒడ్డున నిలబడి కొలిస్తే రెండు మూడు నాటికల్ మైళ్ల తేడాలో వస్తోంది. ప్లాస్టిక్ సెక్స్టాంటు నుంచి ఇంతకుమించి ఆశించను. ఎండకి వేడెక్కితే దాని ఇండెక్స్ ఎర్రర్ (సున్నా చూపాల్సిన చోట చూపే తేడా) మారిపోతుంది, అందుకే ప్రతి కొలతకూ ముందూ వెనకా క్షితిజాన్ని చూసి సరిచూసుకుంటున్నాను.

అసలు పనితనమంతా ఊపడంలో ఉంది. అద్దంలో దించిన సూర్యుణ్ణి క్షితిజం మీదికి తెచ్చి, సెక్స్టాంటును అటూ ఇటూ కొద్దిగా వంచితే బింబం ఉయ్యాలలా చిన్న విల్లు గీస్తుంది. ఆ విల్లు అడుగున మాత్రమే బింబం క్షితిజ రేఖను ముట్టాలి. పక్కన ముట్టిందో, కోణం ఎక్కువ చూపిస్తుంది.

తాజా లెక్క ఇదీ. సూర్యబింబం కింది అంచు ఎత్తు 61°12.0′. ఇండెక్స్ ఎర్రర్ 2.0′ పోతే 61°10.0′. కంటి ఎత్తు 4 మీటర్లు. దాని వర్గమూలాన్ని 1.76తో గుణిస్తే డిప్ (కంటి ఎత్తు వల్ల క్షితిజం కిందికి జరిగి కనబడే కోణం) 3.5′, అదీ తీసేయాలి. వక్రీభవనం, బింబ వ్యాసార్ధం వగైరా కలిపిన సవరణ +15.7′. నికర ఎత్తు 61°22.2′. దాన్ని 90° నుంచి తీసేస్తే 28°37.8′. సూర్యుడి దక్షిణ క్రాంతి (భూమధ్యరేఖకు దక్షిణంగా ఉన్న కోణం) 10°20.0′ కూడా పోతే ఉత్తర అక్షాంశం 18°17.8′. ఒక కోణ నిమిషం తప్పితే ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు తప్పినట్టే.

రేఖాంశం దగ్గరే తంటా. నడినెత్తిన సూర్యుడు కొన్ని నిమిషాలు కదలనట్టే ఉంటాడు. ఎత్తు కొలవడానికి అది వరం, కానీ శిఖరాన్ని ఏ క్షణంలో దాటాడో తెలియదు. నాలుగు సెకన్ల పొరపాటుకే రేఖాంశం ఒక కోణ నిమిషం జరుగుతుంది మరి! అందుకని మధ్యాహ్నానికి నలభై నిమిషాల ముందు ఎత్తు కొలిచి, గడియారం చూసి రాసుకుంటున్నాను. తర్వాత కోణాన్ని మార్చే మైక్రోమీటర్ డ్రమ్మును ముట్టుకోకుండా, సూర్యుడు మళ్లీ అదే ఎత్తుకి దిగేదాకా ఆగి, ఆ సమయమూ రాస్తాను. రెంటి సగటే మధ్యాహ్న క్షణం. గ్రీనిచ్‌లో సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటే సమయం ఆల్మనాక్‌లో (నావికుల కోసం ఏటా వేసే ఖగోళ పట్టికల పుస్తకంలో) దొరుకుతుంది. తేడాని గంటకు 15° చొప్పున మార్చుకోవడమే. ఇది ఒడ్డున సరే, కదిలే పడవలో ఇంకో సవరణ తప్పదు.

ఇక నక్షత్రాలు. సంధ్య వేళ చుక్కలూ క్షితిజమూ రెండూ కనబడే కాసేపట్లోనే పని ముగించాలి. 1837లో కెప్టెన్ సమ్నర్ కనిపెట్టిన స్థానరేఖ (ఒక కొలతతో, మనం దాని మీద ఎక్కడో ఉన్నామని తేలే గీత) మీదే ఆ పద్ధతి నడుస్తుంది. ఆ గీతలు గీసుకునే ప్లాటింగ్ షీట్లు సిద్ధం చేసి పెట్టుకున్నాను, లెక్కకు కావాల్సిన హేవర్‌సైన్ (ఒక త్రికోణమితి ప్రమేయం) పట్టికలు మాత్రం ఇంకా తిరగేస్తూనే ఉన్నాను.