పాలిచ్చే గబ్బిలం వెంట కొన్ని రాత్రులు

మేం పట్టుకున్న గబ్బిలం 8 గ్రాములుంది. అది ఎక్కడుందో రేడియో బీప్‌లతో తెలిపేలా వీపు మీద అతికించే ట్రాన్స్‌మిటర్ బరువు ఒంటి బరువులో 5 శాతం దాటకూడదన్నది ఈ పనిలో పాత లెక్క. అంటే 0.4 గ్రాములు. భుజాల మధ్య కాస్త బొచ్చు కత్తిరించి, జిగురు రాసి, పరికరం పెట్టి, అది ఆరేదాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను. గ్లవ్స్ వేసుకున్నా దాని వణుకు చేతికి తెలుస్తూనే ఉంది. (రేబిస్ టీకా వేయించుకోనివాళ్లు ఈ పని జోలికి రావద్దు.)

పాత పెంకుల కప్పు కింద ఆడ గబ్బిలాలు గుంపుగా చేరి పిల్లల్ని కనే చోటది. అవి కడుపుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ ఒకే చోట పురుగులు వేటాడతాయా అన్నది నేను తేల్చుకోవాల్సిన విషయం. బ్యాటరీ పది పన్నెండు రోజులకు మించి రాదు కాబట్టి ఒక్కో దశలో వేరే గబ్బిలాలను పట్టుకోవాల్సి వచ్చింది.

కడుపుతో ఉన్నవాటితో పెద్దగా కష్టపడలేదు. చీకటి పడగానే దూరంగా చెరువు మీదికి వెళ్లేవి, అక్కడే తిరిగేవి. ఒళ్లు బరువెక్కితే కొమ్మల సందుల్లో చటుక్కున మలుపు తిరగలేవు, ఖాళీ చోటే నయం.

ఆ అలవాటే నన్ను ముంచింది. పాలిచ్చే తల్లిని గుర్తుపట్టడం తేలికే: చంక దగ్గర బొచ్చు రాలిపోయి చనుమొన బయటపడి ఉంటుంది. అలాంటిదాన్ని వదిలిన మొదటి రాత్రి 10:40కి సిగ్నల్ మాయమైంది. చెరువుకేసి పరుగెత్తాను. లేదు. రెండు గంటలు యాంటెన్నా తిప్పుతూ, రిసీవర్‌ను తిట్టుకుంటూ తిరిగాను. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి పెంకుటింటి దగ్గర నిలబడ్డ పిల్లాడు ఫోన్ చేశాడు: "అక్కా, బీప్ ఇక్కడే వస్తోంది. హెచ్చుతగ్గుల్లేకుండా ఒకేలా వస్తోంది."

ఎగిరేటప్పుడు బీప్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒకేలా వస్తోందంటే కదలడం లేదన్నమాట. పరికరం ఊడిపోయిందనుకుని నీరసం వచ్చేసింది. 25 నిమిషాల తర్వాత బీప్ మళ్లీ ఊగిసలాడి బయటికొచ్చింది. బిడ్డకు పాలిచ్చి వెళ్లింది!

ఆలోచిస్తే తెలియాల్సిందే. పుట్టినప్పుడే పిల్ల తల్లి బరువులో దాదాపు పావు వంతు ఉంటుంది. పాల కోసం తల్లి మామూలుకన్నా ఎక్కువ పురుగులు తినాలి, రాత్రి మధ్యలో ఇంటికీ రావాలి. దూరం పోతే రానూపోనూ ఎగరడానికే తిన్నదంతా ఖర్చవుతుంది. మ్యాప్ మీద దాని చుక్కలన్నీ కిలోమీటరు లోపే, కంచె చెట్ల వెంబడి, కాలవ పక్కన పడ్డాయి. నేను చెరువు దగ్గర వెతికిన రెండు రాత్రుల లెక్కలూ పక్కన పడేశాను. మొత్తం ఐదు గబ్బిలాలే, అన్ని జాతులకూ ఇదే వర్తిస్తుందని చెప్పను.

పిల్లలు ఎగరడం మొదలయ్యాక ఇంకో తల్లికి పరికరం పెట్టాం. రెండో రాత్రే చెరువు దాటి మాకు అందకుండా పోయింది. వారం తర్వాత పెంకుల కింద పెంటకుప్పలో దాని ట్రాన్స్‌మిటర్ దొరికింది, జిగురుకు అంటుకున్న చిన్న బొచ్చు కుచ్చుతో, ఇంకా బీప్ కొడుతూ.