ఐదు క్యాసెట్లు, ఒక ణ

పోయిన వేసవిలో ఎనిమిది గంటల కారు ప్రయాణంలో మా అమ్మాయి ఒక ఆట పెట్టింది. ఒక్కొక్కరూ ఒక దశాబ్దం తీసుకుని, అందులో తమకు బాగా ఇష్టమైన ఐదు ఆల్బమ్‌లు చెప్పాలి. ఒక్క పాట నచ్చితే చాలదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్కటీ దాటెయ్యకుండా వినగలిగేదై ఉండాలి. తనకు పద్నాలుగేళ్లు, తమ్ముడికి పది. ఇద్దరూ అమెరికాలోనే పుట్టారు.

నాకు 1990లు వచ్చాయి. ఆల్బమ్ అనే మాట మేమెప్పుడూ వాడలేదు. "రోజా పాటలు వచ్చాయా?" అనేవాళ్లం, అంతే. సినిమాకంటే ముందు క్యాసెట్ వచ్చేది. తెర మీద బొమ్మ పడేసరికి పాటలన్నీ నోటికి వచ్చేసి ఉండేవి. ఏ పాట తర్వాత ఏది వస్తుందో కూడా తెలిసిపోయేది. ఇప్పటికీ ఒక పాట ఎక్కడైనా విని అది ఆగిపోతే, వెంటనే రావాల్సిన పాట నా చెవిలో మొదలవుతుంది.

నేను చాలా ఆలోచించి చెప్పాను. అన్నమయ్య, స్వాతి కిరణం, మాతృదేవోభవ, గాయం, సిందూరం. ఒక్కోదానికీ కారణం కూడా చెప్పాను. వేటూరి గారికి "రాలిపోయే పువ్వా"కి జాతీయ అవార్డు వచ్చిందని, సిరివెన్నెల గారి "నిగ్గదీసి అడుగు" అందరూ వినాల్సిన పాట అని.

మా అమ్మాయి అంతా విని, "అమ్మా, ఇది నీ లిస్టా, మాకు సిలబస్సా?" అంది.

నాకు చాలాసేపు మాట రాలేదు. అది నిజం కాబట్టి. వీళ్లు పుట్టినప్పటి నుంచీ నేను పాటల్ని అలాగే వాడుతున్నాను. ఈ పాటలో ఎన్ని మంచి మాటలున్నాయి, ఇది నేర్చుకుంటే ఎంత తెలుగు వస్తుంది అని చూసుకోవడమే. ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్లే దారిలో ఒకటి, వచ్చే దారిలో ఒకటి. మధ్యలో ఆపి, ఈ మాటకి అర్థమేంటో చెప్పు అని అడగడం. నేను అమ్మ పక్కన కూర్చుని విన్నప్పుడు అలా ఎవరూ ఆపలేదు.

మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి నాకోసమే. మాతృదేవోభవ, గాయం, సిందూరం పోయాయి. ఒక్కో పాట కోసం వాటి దగ్గరికి వెళ్తానే తప్ప క్యాసెట్ అంతా వినేదాన్ని కాదు. వాటి స్థానంలో జగదేకవీరుడు అతిలోకసుందరి వచ్చింది. 1990 మేలో ఆ సినిమా విడుదలైనప్పుడు కోస్తా అంతా తుఫాను. మా ఇంట్లో కరెంటు లేక, నాన్న టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు వేసి ఇళయరాజా పాటలు పెట్టేవారు. ఆ తర్వాత క్షణ క్షణం, ఆ తర్వాత రోజా. నిన్నే పెళ్లాడతా వదలడానికి మనసొప్పలేదు కానీ, అది అప్పటికే మావారి లిస్టులో ఉంది.

రోజా దగ్గర పెద్ద వాదన జరిగింది. మా అమ్మాయి స్నేహితురాలిది తమిళ కుటుంబం. "అది తమిళ్ ఆల్బమ్ కదా, నీ లిస్టులోకి ఎలా వస్తుంది?" అంది. నిజమే, 1992లో ఎ.ఆర్.రెహమాన్ మొదటి సినిమా అది, తమిళంలో తీసింది. తెలుగు మాటలు తర్వాత రాజశ్రీ గారు రాశారు. బాణీ కదలకూడదు, తెర మీద పెదవుల కదలికకి దగ్గరగా ఉండాలి, అర్థం చెడకూడదు. అంత ఇరుకులో కూర్చుని "చిన్ని చిన్ని ఆశ" రాశారంటే అది చిన్న పని కాదు. నేను విన్నది ఆ మాటల్నే. కాబట్టి రోజా నా లిస్టులోనే ఉంటుంది అన్నాను. అప్పుడు తను, ఆ పాట ఎవరు పాడారు అని అడిగింది.

మిన్‌మిని. రెండు భాషల్లోనూ తనే. మలయాళీ.

"క్షణ క్షణం?" బాలు గారు, చిత్ర గారు. చిత్ర గారిది తిరువనంతపురం, మాతృభాష మలయాళం.

"స్వాతి కిరణం?" వాణీ జయరాం గారు. వెల్లూరులో పుట్టిన తమిళావిడ. సినిమాలో పాడేది చిన్న పిల్లాడు. అతనికి గొంతు ఇచ్చేనాటికి ఆవిడ నలభైల్లో ఉన్నారు. "ఆనతినీయరా హరా"కి ఆవిడకి జాతీయ అవార్డు వచ్చింది.

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయి మెల్లగా, "అయితే నువ్వు చిన్నప్పుడు విన్న తెలుగు చాలావరకు, తెలుగు నేర్చుకున్నవాళ్లు పాడిందే కదా" అంది.

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. మా అమ్మాయికి ణ పలకదు. నాలుక వెనక్కి మడిచి పైకి తగిలించాలని ఎన్నిసార్లు చూపించానో. తను అన్నప్పుడల్లా "కిరనం", "క్షన క్షనం" అనే వస్తుంది. మూడేళ్ల క్రితం ఒక కార్యక్రమంలో పాడుతుంటే ముందు వరసలో ఒకరు నవ్వారు. పెద్దగా కూడా కాదు. ఆ రోజు నుంచి నలుగురిలో తెలుగు పాట పాడటం మానేసింది. నేను ధైర్యం చెప్పాల్సింది పోయి, ఇంటికొచ్చి మళ్లీ ణ ప్రాక్టీసు చేయించాను. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మావారు డ్రైవ్ చేస్తూనే అందుకున్నారు. "వాళ్లకి ణ, ళ పుట్టుకతోనే ఉంటాయి, తమిళంలోనూ మలయాళంలోనూ ఉన్నాయి కదా. తమిళం నుంచి వచ్చినవాళ్లకి కష్టం వేరేచోట. వాళ్ల లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. మన భ, ధ, ఘ వాళ్లు పని పెట్టుకుని నేర్చుకోవాల్సిందే."

"అంటే ఆవిడకి ఘ, నాకు ణ" అంది మా అమ్మాయి.

ఆ పోలిక నాకు ఎన్నేళ్లకీ తట్టి ఉండేది కాదు. వాణీ జయరాం గారి పాటలో ఒక్క ఒత్తు జారదు, ఒక్క దీర్ఘం కురచ కాదు. దాన్ని దేవుడిచ్చిన గొంతు అనుకుంటూ విన్నాను ఇన్నాళ్లూ. దాని వెనక ఒక భాషని పెద్దయ్యాక అక్షరం అక్షరం పట్టుకున్న శ్రమ ఉంటుందని నా పక్కనే కూర్చుని అదే శ్రమ పడుతున్న పిల్ల చెబితే గానీ తోచలేదు.

మా అబ్బాయి సంగతి వేరు. వాడికి అన్నమయ్య ఒక్కటి చాలు. 1997లో కీరవాణి గారు ఆ సినిమాలో అన్నమాచార్యుల కీర్తనల్ని, వేటూరి గారి పాటల్ని పక్కపక్కనే పెట్టారు. ఏది అయిదు వందల ఏళ్ల కిందటిదో, ఏది నిన్నటిదో వాడికి పట్టదు. కానీ ఆ ప్రయాణంలోనే, మలుపు తిరగ్గానే ఎదురుగా కొండ కనిపిస్తే కిటికీకి వేలు ఆనించి "అదివో!" అన్నాడు. నేను ఎప్పుడూ నేర్పలేదు ఆ మాట. ఇంట్లో మేం "అదిగో" అంటాం. కీర్తన లోంచి తీసుకుని, సరిగ్గా కొండకే వాడాడు.

చివరికి ఐదూ తేలాయి. జగదేకవీరుడు అతిలోకసుందరి, క్షణ క్షణం, స్వాతి కిరణం, రోజా, అన్నమయ్య. ఇందులో క్షణ క్షణం చూసి మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. "జాము రాతిరి జాబిలమ్మా" అందులోది అని తనకి అంతవరకూ తెలియదు. నేను తనని నిద్రపుచ్చడానికి పాడిన పాట అది. నేనే కట్టిన పాట అనుకుందట ఇన్నేళ్లూ! ఆ రాత్రి హోటల్ గదిలో ఇద్దరం మంచం మీద కూర్చుని అసలు పాట విన్నాం. తనూ కలిసి పాడింది, సన్నగా, తమ్ముడు నిద్రపోతున్నాడని.

"జాము అంటే ఏంటి?" అని అడిగింది పాట అయ్యాక.

చెప్పబోయి ఆగిపోయాను. తెల్లవారుజాము అంటాం కదా, అదే, అన్నాను. అంటే ఎంతసేపు అంది. నాకు తెలియదు. అన్నేళ్లు ఆ పాటే పాడి నిద్రపుచ్చాను, మొదటి మాటకే అర్థం తెలియకుండా. ఎనిమిదిన్నర అయింది, ఇండియాలో ఆరు. అమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం.

"రోజుకి ఎనిమిది జాములే తల్లీ, ఒక్కోటీ మూడు గంటలు" అంది అమ్మ. "మాకిక్కడ పగటి మొదటి జాము ఇప్పుడే మొదలైంది. మీకు రాత్రి మొదటి జాము అయిపోవస్తోంది. ఇంకా పడుకోలేదేం?"

మా అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆరు నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి పన్నెండు. "ఇంకో అరగంట ఉంది అమ్మమ్మా" అంది. "ఒక పాట పాడనా? అందులో ఒక ణ వస్తుంది, అది మాత్రం సరిగ్గా రాదు."