పాపను ఏ బడిలో వేయాలి?

వచ్చే జూన్‌లో మా పాపను ఒకటో తరగతిలో చేర్పించవలసి ఉన్నందున, శ్రీకాకుళంలోని మా ఇంట్లో మూడు నెలలుగా ఇదే చర్చ సాగుతోంది. మా శ్రీమతి మొగ్గు ప్రైవేటు బడి వైపు. బస్సు వీధి చివరకే వస్తుంది, ఇంగ్లీషు అలవడుతుంది. కానీ ఒకటో తరగతి పిల్లకు సాయంత్రం ట్యూషన్ కూడా ఉండాలని అక్కడివారే సలహా ఇచ్చినప్పుడు, ఇక ఫీజు దేనికని నాకు అనిపించింది.

మా పేటలోని ప్రభుత్వ పాఠశాలకు రెండుసార్లు వెళ్ళి చూశాను. ఉపాధ్యాయులు శిక్షణ పొంది, డీఎస్సీ రాసి వచ్చినవారు. మధ్యాహ్నం వేడి భోజనం, వారంలో కొన్ని రోజులు గుడ్డు ఉంటాయి. అసలు చిక్కు వేరే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు చాలు కనుక, పిల్లలు తగ్గిన చోట ఆ ఇద్దరే అయిదు తరగతులకూ పాఠం చెప్పవలసి వస్తుంది. మనం మాన్పించిన కొద్దీ బడి మరింత బక్కచిక్కుతుంది. ఆ పాపంలో నాకూ వాటా ఉంటుందేమోనన్న బెంగ లేకపోలేదు.

ఇంట్లోనే చదివించి, పద్నాలుగేళ్ళు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి రాయించే మార్గమూ ఉంది. ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో అది కుదరని పని.

చివరకు అయిదో తరగతి వరకు ప్రభుత్వ బడికే పంపి, రాత్రి భోజనానికి ముందు ఒక గంట నేనే దగ్గర కూర్చుని చదివించాలని నిశ్చయించుకున్నాము. మా అత్తగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.