ఫెలనాప్సిస్ కుండీ మార్చిన తొమ్మిది వారాలు

మొదటి రోజు

నా ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌కు ఆఖరి పువ్వు రాలి పది రోజులైంది. కుండీ మార్చి రెండేళ్లు దాటింది కాబట్టి ఈసారి తప్పదని ముందే అనుకున్నాను. పొద్దున కుండీ ఎత్తి చూస్తే, నీళ్లు పోసి వారమైనా బరువు తగ్గలేదు. కుండీలో మట్టికి బదులు నింపిన చెట్టు బెరడు ముక్కల్లో ఒకటి తీసి నలిపితే తడి మట్టిలా వేళ్లకు అంటుకుంది. అంటే లోపల గాలి ఆడే సందులు పూడుకుపోయాయన్నమాట. ఇది అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికే మొక్క. దాని వేర్లకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం.

అయినా ఇవాళ ముట్టుకోలేదు. అడుగు ఆకు పక్కన కొత్త వేరు ఇప్పుడే పొడుచుకొస్తోంది, బియ్యపు గింజంత ఉంది. నేను చూసేది దాన్నే. వేర్లు ఎదిగే సమయంలో మారిస్తే మొక్క కొత్త బెరడును తొందరగా పట్టుకుంటుంది. ఉన్న వేర్లన్నీ కుళ్లి ఆకులు వాడిపోతుంటే మాత్రం పూలున్నా సరే, ఆగకూడదు.

తొమ్మిదో రోజు

కొత్త వేరు సెంటీమీటరు దాటింది, కొన పచ్చగా మెరుస్తోంది. ఇక ఆగలేదు.

ఒకటి రెండు సెంటీమీటర్ల బెరడు ముక్కల్ని రాత్రే నీళ్లలో నానబెట్టాను. పొడి బెరడు నీటిని సరిగా పీల్చుకోదు. వాటిలో గుప్పెడు బొగ్గు ముక్కలు కలిపాను. కత్తెరను మంట మీద కాల్చి చల్లార్చాను. ఆర్కిడ్లకు సోకే మొజాయిక్ వైరస్ కత్తెరకు అంటిన రసంతో ఇంకో మొక్కకు పాకుతుంది, వస్తే మందు లేదు. అందుకే మొక్క మారినప్పుడల్లా మళ్లీ కాల్చాల్సిందే.

కుండీలో అరగంట నీళ్లు నిలబెడితే వేర్లు మెత్తబడి, విరగకుండా బయటికొచ్చాయి. మధ్యలో వేర్ల గుత్తి లోపల నిమ్మకాయంత నాచు ముద్ద! నర్సరీలో చిన్నప్పుడు పెట్టింది, పోయినసారి నా కంట పడలేదు. పైన బెరడు ఎండినా అది మాత్రం తడి వదలదు. దాని చుట్టూ ఉన్న వేర్లే కుళ్లాయి.

ఏ వేరు కత్తిరించాలో రంగు చూసి చెప్పలేం. వెలుగు తగలని వేరు పసుపుగానో గోధుమరంగుగానో ఉన్నా బతికే ఉండొచ్చు. వేళ్లతో నెమ్మదిగా నొక్కాలి. గట్టిగా ఉంటే ఉంచాలి. మెత్తగా చితికి, పై పొర జారిపోయి లోపల దారంలాంటిది మిగిలితే అది పోయినట్టే. మొత్తం పద్నాలుగు వేర్లలో ఐదు తీసేశాను. కోసిన చోట దాల్చినచెక్క పొడి చిటికెడు అద్దాను, మంచి వేర్లకు తగలకుండా. ఒకప్పుడు ఇంకో మొక్కకు వేర్లన్నిటికీ చల్లితే ఎండిపోయాయి, ఆ బాధ ఇంకా ఉంది.

పాత కుండీ పన్నెండు సెంటీమీటర్లది. మిగిలిన వేర్లకు పది సెంటీమీటర్లదే సరిపోయింది. కుండీ మార్చడమంటే ప్రతిసారీ పెద్దదానిలోకి అనుకోనక్కర్లేదు, ఎక్కువ బెరడు ఉంటే ఎక్కువ రోజులు తడి. పారదర్శకమైన కుండీ తీసుకున్నాను. బెరడు వేస్తూ పక్కల తట్టాను, ఆకుల మొదలు మాత్రం పూడ్చలేదు. మొక్క ఊగుతుంటే ఒక పుల్లకు కట్టాను. ఊగితే కొత్త వేరు కొన బెరడుకు రాసుకుని ఆగిపోతుంది.

పదమూడో రోజు

కోతలు ఆరాయి, మొదటిసారి నీళ్లు పోశాను. ఆకుల మధ్యలో నిలిచిన చుక్కల్ని కాగితంతో అద్దేశాను. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన ఉంచాను. ఎరువు ఇప్పుడే వద్దు.

మూడో వారం

అడుగు ఆకు వడిలి మడతలు పడింది. టెన్షన్ వచ్చింది, ఇంకాస్త నీళ్లు పోద్దామా అని చెయ్యి లాగింది. కానీ కుండీలోంచి చూస్తే వేర్లు పచ్చగానే ఉన్నాయి, అంటే తడి చాలినంత ఉంది. ఐదు వేర్లు పోయాయి కాబట్టి మొక్క తాగగలిగేదే తగ్గింది. వేర్లు వెండిరంగుకు తిరిగి, కుండీ తేలికయ్యాకే పోశాను.

ఆరో వారం

కొత్త వేరు నాలుగు సెంటీమీటర్లు, నేరుగా బెరడులోకి దిగింది. కుండీ గోడ దగ్గర ఇంకో పచ్చటి కొన కనిపిస్తోంది. ఇవాళ ఎరువు మొదలుపెట్టాను, డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు.

తొమ్మిదో వారం

నడిమధ్య నుంచి కొత్త ఆకు వస్తోంది, వేలి గోరంత. వడిలిన ఆకు పసుపుబారి దానంతటదే ఊడింది. మిగతావి గట్టిపడ్డాయి. ఊపి చూస్తే మొక్క కదలడం లేదు, పుల్ల తీసేశాను.

తర్వాత నా ఇంకో ఆర్కిడ్, డెండ్రోబియం వంతు. అది పక్కకు పాకే రకం కాబట్టి పాత కాడల్ని కుండీ అంచుకు ఆనించి, కొత్త మొలక వైపు జాగా వదలాలి. మొలక వచ్చింది కానీ దాని మొదట్లో ఇంకా వేర్లు పుట్టలేదు. రోజూ పొద్దున అక్కడే చూస్తున్నాను.